ఫెయిలు అనే మాట మా చేనికి వచ్చిన రోజు

అది సోమవారం. మధ్యాహ్నం మూడున్నర గంటలు.

సోమవారమని ఎట్లా గుర్తంటే, మా వైపు సోమవారం ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. సేద్యం పని లేక ఊళ్ళో సగం మంది మా చేనికాడికి వచ్చి నిలబడ్డారు. మూడున్నర అని ఎట్లా గుర్తంటే, వై.ఎన్.హొసకోట నుంచి వచ్చే బస్సు అప్పుడే మా చేను దాటింది. మా ఊళ్ళో చేతికి గడియారం ఉన్నవాళ్ళు లేరు. బస్సే గడియారం. ఆ బస్సు లేపిన ఎర్రదుమ్ము ఇంకా కిందికి వాలలేదు, మా చేనిలో లేస్తున్న తెల్లదుమ్ము ఆగిపోయింది. బోరుబండి ఇంజను ఆపేశారు. పొద్దున్నుంచి చెవులు పగిలే చప్పుడు విన్నాక ఆ నిశ్శబ్దం కూడా ఒక చప్పుడు మాదిరే ఉంది. బండి పెద్దాయన అరవాయన. చెవుల్లో పెట్టుకున్న దూది తీసి పారేసి, మా నాయన ముఖం చూసి ఒక్క మాట అన్నాడు.

"ఫెయిలు సామీ."

నాకప్పుడు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. ఆ బోరులో నీళ్ళు పడితే నేను బడికి పోవాలి. పడకపోతే గొర్ల వెంట పోవాలి. ఇంట్లో తేల్చిన సంగతి అది. తలకు నూనె పెట్టుకుని, రెండు జడలు వేసుకుని, గోనెసంచి మీద కూర్చుని ఉన్నాను.

ఇప్పుడిది ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, పోయిన నెల మా అన్నను టౌను ఆసుపత్రికి తీసుకుపోయాను. కాళ్ళు వాచి, ముఖం ఉబ్బి, వారం నుంచి అన్నం సహించడం లేదు. డాక్టరమ్మ కాగితాలు తిప్పి చూసి కన్నడంలో చాలాసేపు చెప్పింది. పుట్టింది కన్నడ రాష్ట్రం సరిహద్దులో కాబట్టి కన్నడం మాకు బాగానే వచ్చు. అయినా చెవిలో నిలిచింది ఒక్కటే మాట. రెండు కిడ్నీలూ ఫెయిలు. ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు. నోట్లో రాతిదుమ్ము రుచి తగిలింది. అంతే.

బయట బెంచీ మీద కూర్చున్నాక అన్న అన్నాడు.

"ఇది మూడోది పాపా. ముందు ఎస్సెల్సీ, ఆమీట బోరు, ఇప్పుడిది."

నాకు మనవరాలు పుట్టినా వాడికి నేను పాపనే.

"బోరు నీది యాడయితాదిప్పా, నాయనది గదా" అన్నాను.

"అవ్వ నాదే అన్నింది గదా."

ఆసుపత్రి వాకిట్లో టీ బండి వైపు చూస్తూ మళ్ళీ అడిగాడు. "ఆ పొద్దు ఇంజను ఆపకముందే నేను ఆడికి వచ్చింటినా? నీకు గెప్తి ఉండాదా?"

యాభై ఏళ్ళు దాటిన మనిషి. రెండు కిడ్నీలూ పోయాయని ఇప్పుడే చెప్పారు. వాడు అడిగింది ఇది.

"ఉండాది. ఇంటికి పోయి రాసి చూపిస్తా" అన్నాను.

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. కాబట్టి నోటితో చెప్పినదానికన్నా రాసినదాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. పుట్టినప్పటి నుంచి చదువుకున్నవాళ్ళకు ఇది అర్థం కాదు.

*

మా అవ్వ చిన్నతనంలో ఆ మాట లేదంట. వాన ముఖం చాటేసేది. బావి ఎండేది. పైరు మాడేది. ఎద్దు చచ్చేది. పెళ్ళి తప్పిపోయేది. ఒక్కోదానికి ఒక్కో మాట, ఒక్కోదానికి ఒక్కో రకం ఏడుపు. బోరుబండ్లు వచ్చినాక అన్నిటికీ ఒకటే మాట అయింది. ఆ బండ్లవాళ్ళు అరవం మాట్లాడేవాళ్ళు. తాలూకాఫీసువాళ్ళు కన్నడం మాట్లాడేవాళ్ళు. మేము తెలుగు. ముగ్గురికీ సమంగా అర్థమయ్యే మాట అదొక్కటే. రాయి తొలిచి, దుమ్ము లేపి, పైపులు మళ్ళీ బండికెత్తుకుని పోయేటప్పుడు ఆ మాట ఊళ్ళో వదిలేసి పోయేవాళ్ళు.

ఊరు దాన్ని ఊరికే వదల్లేదు. వాన ఫెయిలు. మోటరు ఫెయిలు. చెనక్కాయ పంట ఫెయిలు. మా అవ్వ అయితే దాన్ని ఉప్పుమాదిరి అన్నిట్లోనూ వేసేది. సంగటి ఉండలు కడితే "ఈ పొద్దు సంగటి ఫెయిలమ్మే" అనేది. కోడి పొదిగిన గుడ్లు మురిగిపోతే గుడ్లు ఫెయిలు. ఎదురింటి కోడలు పుట్టింటికి పోయి తిరిగి రాకపోతే "సంసారం ఫెయిలంట" అని గుసగుసగా చెప్పేది. ఒకసారి నాయన చొక్కా జేబు చినిగి బీడీలు దారిలో పడిపోతే "నీ జేబు ఫెయిల్రా" అన్నది. నాయన నవ్వి, "నీ పండ్లు ఎప్పుడో ఫెయిలు, అది చూస్కో" అన్నాడు.

ఎందుకు అందరికీ ఆ మాట అంత నచ్చిందో నేను చాలాసార్లు ఆలోచించాను. తప్పు ఎవరిదో అందులో ఉండదు. పైరు ఎండిందంటే ఎవరో నీళ్ళు కట్టలేదని. ఎద్దు చచ్చిందంటే ఎవరో మేత వెయ్యలేదని. ఫెయిలంటే అంతే, ఫెయిలు. దేవుణ్ణీ అననక్కర్లేదు, మనిషినీ అననక్కర్లేదు. నెత్తి మీది బరువు దించుకోవడానికి దొరికిన గట్టు మాదిరి ఉండేది ఆ మాట. మొదట్లో.

మా చిన్నమ్మ మా ఊళ్ళోనే ఉండేది. ముగ్గురు పిల్లలు చాలని క్యాంపులో ఆపరేషను చేయించుకుని వచ్చింది. రెండేళ్ళకు నాలుగోవాడు పుట్టాడు. ఆపరేషను ఫెయిలు అన్నారు. వాడికి దేవుడి పేరు పెట్టారు గానీ, ఊరంతా పిలిచింది ఫెయిలోడనే. "ఒరే ఫెయిలోడా, సంగటికి రారా" అని వాళ్ళమ్మే కేకేసేది. వాడూ పలికేవాడు. ఊళ్ళో వాడంత గట్టి పిల్లోడు లేడు. ఎప్పుడు చూసినా ముక్కు కారుతూ, చేతిలో ఏదో ఒకటి తింటూ ఉండేవాడు. బడిలో చేర్చడానికి పోతే మేష్ట్రు పేరడిగాడంట, వాడు "ఫెయిలోడు" అన్నాడంట. "ఇంకా చేరనే లేదు, అప్పుడే ఏందిరా" అన్నాడంట మేష్ట్రు. ఈ మాట చెప్పి చెప్పి మా చిన్నమ్మ కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వేది.

*

ఆ ఎండాకాలం విత్తనం కాయలు ఒలుస్తున్నాము. తొలివాన పడితే చెనక్కాయ వెయ్యాలి. ముందే కాయలొలిచి గింజలు సిద్ధం చేసుకోవాలి. మధ్య ఇంట్లో గోనెసంచులు దులిపి పరిచి, అందరం చుట్టూ కూర్చునేవాళ్ళం. కాయలు తడిపి ఒలవడం వల్ల ఇల్లంతా పచ్చిమన్ను వాసన. బయట ఎండకు నేల బీటలిచ్చి ఉంటే, ఇంట్లో ఆ వాసన వానొచ్చినట్టు ఉండేది. బొటనవేళ్ళు చిట్లి మండేవి. అవ్వ ఆముదం రాసేది. మధ్యాహ్నానికి సంగటి, చెనగ్గింజల ఊరుబిండి. పండిన ఏడాదీ అదే, పండని ఏడాదీ అదే.

విత్తనం గింజ తినకూడదు. తింటే విత్తేటప్పుడు చాలదు. పిల్లలు తింటారు కాబట్టి మా అవ్వ ఒక రూలు పెట్టింది. కాయలొలిచేవాళ్ళు మాట్లాడుతూనే ఉండాలి. నోరు ఆగిందంటే గింజ నములుతున్నట్టు లెక్క. అందుకే మా ఇంట్లో ఆ నెలంతా ఒకటే వాగుడు. ఏమీ తోచకపోతే నేను గొర్ల పేర్లు వరసగా చెప్పేదాన్ని. గింజను దవడకు ఒత్తిపెట్టి, నాలుక కదలకుండా మాట్లాడడం నేర్చుకున్నాను. నమలడం మాత్రం అవ్వ ఉమ్మడానికి లేచినప్పుడే.

మా అన్న హొసకోట హైస్కూల్లో పదో తరగతి ఎస్సెల్సీ పరీక్ష రాశాడు. మా ఇంటి నుంచి అంతదాకా పోయిన మొదటివాడు వాడే. ఆ రోజు రిజల్టు గోడకు అంటించారని పొద్దునే బస్సుకు పోయాడు. తిరిగి వచ్చేసరికి మేమంతా ఒలుస్తూ ఉన్నాము. వాడు గడప దాటి లోపలికి రాలేదు.

"ఏమైందిరా?" అన్నాడు నాయన.

"ఫెయిలు నాయనా."

అందరి వాగుడూ ఆగింది. నా నోరు కూడా ఆగింది. అవ్వ చెయ్యి చాచి నా చెంప నొక్కింది. గింజ బయట పడింది. "దొంగముండ" అని నెత్తిన ఒకటి వేసి, మళ్ళీ అన్న వైపు తిరిగింది.

నాయన చేతిలో కాయ చిట్లించి, గింజలు సంచి మీద పడేసి అడిగాడు. "ఎంతకు పోయింది?"

"లెక్కల్లో పోయింది. ఇంగ్లీషులో పోయింది."

"ఇంకా ఎంత లోతు పోయింటే పడేదంట?"

నాయన నవ్వులకు అన్నాడో, నిజంగానే అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. నాయనకు ఆ మాట బోరుతోనే వచ్చింది. మా పక్క చేన్లవాళ్ళు ఒక బోరు ఫెయిలైతే నాలుగు గజాలు జరిగి, ఇంకో పాయింటు చూసి ఇంకొకటి వేసేవాళ్ళు. ఆయన ముఖంలో కోపం లేదు.

"సరేలే. ఇంకో పాయింటు చూద్దాం" అన్నాడు. "అట్టోబరులో మళ్ళా పెడతారంట గదా, మళ్ళా రాయి."

అన్న చేతులు కడుక్కుని వచ్చి మా మధ్యన కూర్చుని కాయలు ఒలవడం మొదలుపెట్టాడు. వాణ్ణి మాత్రం మాట్లాడమని అవ్వ అడగలేదు.

ఆ పూటే మా అమ్మ నా బడి సంగతి ఎత్తుకుంది. "మగోనికి రెండో పాయింటు చూస్తావు, సరే. పాపను బడికెప్పుడు ఏస్తావు?"

"గొర్లెవరు చూస్తారు?"

"అది నన్నడిగితే? గొర్లను పెండ్లాడినావా ఏంది?"

నాయన తల గోక్కున్నాడు. "బోరేస్తాము గదా ఈ నెలలో. నీళ్ళు పడితే గట్టెంబడి గడ్డి పెరుగుతాది. ఎనుము కట్టుకుందాం, గొర్లు అమ్మేస్తా. గొర్లు లేకుంటే పాప బడికి పోతాది. చాలునా?"

అట్లా నా బడి నేల కింద నీళ్ళల్లోకి పోయింది. నీళ్ళు పడి ఉంటే నన్ను నిజంగా బడికి పంపేవాళ్ళా, లేక టమోటాలు కొయ్యడానికి పెట్టేవాళ్ళా అనేది పెద్దయ్యాక నాకు వచ్చిన అనుమానం. అప్పుడు రాలేదు. అప్పుడు నేను మూలనున్న పాత పంచె గుడ్డతో బడి సంచి కుట్టించుకున్నాను అమ్మతో.

*

నీళ్ళు చూసే ఆయన వచ్చాడు. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని, చెప్పులు విడిచి, చేనంతా నడిచాడు. తూర్పు గట్టు దగ్గర టెంకాయ లేచి నిలబడింది. అక్కడ రాయి పాతి, పసుపు పూసి, "ఇదే పాయింటు" అన్నాడు. అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగుతూ చెయ్యకూడనివాటి పట్టీ చెప్పాడు. బోరు రోజు చేనికాడ కాళ్ళకు చెప్పులు ఉండకూడదు. ఖాళీ బిందె కనబడకూడదు. ఆ మాట ఎవరి నోటా రాకూడదు.

"ఏ మాట?" అన్నాను నేను.

అవ్వ నా నోటి మీద కొట్టింది.

మా ఊళ్ళో ఆ పట్టీకి ఇంకో కొస కూడా ఉండేది. ఆ మాట తగిలిన మనిషి బోరు కాడికి రాకూడదు. ఎవరి బోరు ఎండిపోయిందో వాళ్ళు ఇంకొకరి బోరు చూడ్డానికి పోయేవాళ్ళు కాదు. పిలిచేవాళ్ళు కాదు, వాళ్ళూ అడిగేవాళ్ళు కాదు. ఎవరికీ కోపముండేది కాదు. దారిలో పిల్లి అడ్డమొస్తే ఆగి, ఉమ్మేసి పోయేటట్టు, అంతే.

ముందురోజు అవ్వ తేల్చేసింది. "మీ చిన్నమ్మ రావచ్చు. దాని కొడుకు రాకూడదు. మన పిల్లోడూ రాకూడదు."

"మన పిల్లోడెవరు?" అన్నది అమ్మ.

"ఎవరో నీకు తెలీదా? రిజల్టు తెచ్చినోడు."

"నా కొడుకు ఇంగ్లీషులో పోయినాడు, నీళ్ళల్లో పోలే. వాని చేనికి వాడు రాకూడదా?"

"ముందు నీళ్ళు పడనీ. ఆమీట బోరు కాడ మంచమేసుకుని పండుకోమను."

అమ్మ నాయన వైపు చూసింది. నాయన బీడీ వెతుక్కుంటున్నాడు. మూలన కూర్చున్న అన్నే అన్నాడు, "నేను రానులేమ్మా. పొద్దున హొసకోటకు పోతా. పనుండాది."

పొద్దున నేను లేచేసరికి వాడు పోయాడు. చిన్నమ్మ తన కొడుకును మా ఇంట్లో పెట్టి, బయట గొళ్ళెం వేసి, మాతో చేనికి వచ్చింది. లోపలి నుంచి వాడు తలుపు బాదుతూ ఉంటే, "బెల్లముండాది ఉట్టి మీద, తినుకుంటా ఉండు" అని కేకేసింది. బెల్లం సంగతి చెప్పినందుకు సాయంత్రం ఆమే తల కొట్టుకుంది. దేవుడి కోసం దాచిన బెల్లం అచ్చు మొత్తం పోయింది.

*

బోరుబండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కర్పూరం, పసుపు, డీజిలు అన్నీ కలిసిన వాసన. దాని తరవాత కాలిన రాయి వాసన. చెకుముకి రాళ్ళు కొట్టుకుంటే వచ్చే వాసన ఉంటుంది కదా, అది. మొదట ఎర్రమన్ను లేచింది. తరవాత పసుపు రంగు. తరవాత నల్లది. ఆ తరవాత తెల్లటి దుమ్ము, పిండి మాదిరి. అది లేస్తూనే ఉంది. చెట్ల మీద, గట్ల మీద, మనుషుల తలల మీద. మా నాయన జుట్టు, మీసం, రెప్పలు తెల్లబడ్డాయి. ఆయన ముసలివాడైతే ఎట్లుంటాడో నేను ఆ రోజే చూశాను. నిజంగా ముసలివాడైనప్పుడు అట్లాగే ఉన్నాడు.

నాయన పని ఒక్కటే. ఆ దుమ్ము గుప్పిట్లోకి తీసుకుని పిసికి చూడడం. తేమ ఉంటే ముద్ద కడుతుంది. కట్టలేదు. వేళ్ళ సందుల్లోంచి జారిపోతూ ఉంది. మళ్ళీ తీసుకోవడం, మళ్ళీ పిసకడం. అమ్మ తెచ్చిన సంగటి ముద్ద మీద కూడా దుమ్ము కూర్చుంది. తుడుచుకుని తిన్నాము. పళ్ళ కింద కరకరమన్నది.

పొద్దు నెత్తి మీదికి వచ్చినప్పుడు రంగు మారింది. బూడిద రంగు బురద ఎగజిమ్మింది. కొంచెమే. నాయన గుప్పిట్లోకి తీసుకుని పిసికాడు. ముద్ద కట్టింది. జనం హో అన్నారు. అవ్వ పసుపు చల్లింది. చిన్నమ్మ ఈల వేసింది. ఆడమనిషి ఈల వెయ్యడం అదే మొదటిసారి చూశాను. నాయన పరిగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చి, ఆ చల్లటి మన్ను నా నుదుట రాశాడు.

"పోమ్మే, నీ బడొచ్చింది" అన్నాడు.

నా వైపు చూసి ఆయన అట్లా నవ్వడం ముందూ లేదు, తరవాతా లేదు.

నుదుటి మీద ఆ చల్లదనం కాసేపు ఉంది. మళ్ళీ తెల్లదుమ్ము లేవడం మొదలైంది. అరవాయన ఇంకా లోతుకు పోయి చూద్దామన్నాడు. పోయారు. నా నుదుటి మన్ను ఎండి, చర్మం లాగడం మొదలుపెట్టింది. గీకాలనిపించింది, గీకలేదు. గీకితే పోతుందేమో అనుకున్నాను, నీళ్ళు.

ఆ తరవాతిది మొదట్లోనే చెప్పాను. హొసకోట నుంచి వచ్చే బస్సు మా చేను దాటింది. దాని దుమ్ము వాలకముందే ఇంజను ఆగింది. అరవాయన ఆ మాట అన్నాడు. ఆయనకు మా పట్టీ ఎవరూ చెప్పి ఉండరు. చెప్పి ఉంటే మాత్రం ఇంకేమనేవాడు?

నాయన గుప్పిట్లో ఉన్న దుమ్మును కిందికి వదిలాడు. అంతసేపు దాన్ని పట్టుకునే ఉన్నాడని అప్పుడు తెలిసింది. నీళ్ళు చూసే ఆయన టెంకాయ వైపే చూస్తూ ఉన్నాడు. అమ్మ సంగటి గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ ఉంది. పైపులు ఒక్కోటీ పైకి లాగి బండికెత్తుతున్నారు.

బస్సు మా చేను కాడ ఆగదు. ముందుకు పోయి, ఊరి మొదట్లో ఆగుతుంది. అక్కడ దిగి, డొంకదారిలో వెనక్కి నడిచి రావాలి. మా అన్న అట్లా నడిచి వచ్చాడు. పడమటి గట్టు మీద నిలబడ్డాడు. చేనిలోకి అడుగు పెట్టలేదు. చొక్కా లోపల, పొట్టకు ఆనించి ఏదో పట్టుకుని ఉన్నాడు.

అవ్వ కళ్ళు తుడుచుకుంటూ అటు తిరిగింది.

"ఇదో, చూడండ్రా ఎవరొచ్చినారో. ఇంగ నీళ్ళు యాడ పడతాయి."

ఊరంతా తిరిగి చూసింది. తెల్లటి ముఖాలన్నీ. అన్న అట్లాగే నిలబడ్డాడు. తరవాత వెనక్కి తిరిగి ఇంటివైపు పోయాడు. నాయన అవునని అనలేదు, కాదని అనలేదు. కాదని ఉంటే సరిపోయేది.

*

ఆ రాత్రి ఏ గొడవా జరగలేదు. సంగటి తిన్నాము. తినేటప్పుడు అన్న అన్నాడు.

"నాయనా, గొర్లు నేను తోలుకుపోతా. పాప బడికి పోనీ."

నాయన ముద్ద మింగి, నీళ్ళు తాగి అన్నాడు. "నువ్వు ఫెయిలైనావు గాబట్టి మళ్ళా రాయాల. బోరు ఫెయిలైంది గాబట్టి మళ్ళా ఇంకోటి చూడాల. పాప యాడ ఫెయిలైంది? దానికేం తొందర."

ఆయన నన్ను తక్కువ చేసి అన్న మాట కాదు అది. ఆయనకు అట్లా తోచింది. ఫెయిలైన చోట మళ్ళీ తవ్వుతారు. అసలు తవ్వని చోట ఫెయిలు ఎక్కడుంటుంది? బోరుకు రెండో పాయింటు చూశారు, ఆ మీది ఏడాది. అదీ అంతే. అన్నకు రెండో పాయింటు చూశారు. వాడు అక్టోబరులో పరీక్ష రాయకుండా బెంగళూరు పోయాడు. నాకు మొదటి పాయింటే చూడలేదు.

జూన్ నెలలో బడి తెరిచిన రోజు గొర్లు తోలుకుని పోయాను. బడి గోడ పక్కనుంచే దారి. లోపల ఫెయిలోడు గట్టిగా కన్నడం పద్యం చెప్తున్నాడు. గొర్లు ఆగితే ఆగి విన్నాను. నడిస్తే నడిచాను.

అన్న చొక్కా లోపల తెచ్చింది పలక. చెక్క చట్టం ఉన్న రాతి పలక. ఆ సాయంత్రం దాన్ని వాడు ఇంటికప్పు కింది దంతెల మీద పెట్టాడు. కొన్నాళ్ళకు అవ్వకు కనబడింది. మజ్జిగ కుండకు మూత పగిలిపోయి ఉంటే, సరిగ్గా సరిపోయిందని దాన్ని మూత పెట్టింది. ఎవరు తెచ్చారని అడగలేదు. ఎందుకు తెచ్చారనీ అడగలేదు. నేను పెళ్ళయి పోయేదాకా మజ్జిగ పోసుకున్న ప్రతిసారీ ఆ పలక తీసి, పక్కన పెట్టి, మళ్ళీ మూసేదాన్ని.

నన్నిచ్చింది సరిహద్దు అవతలి ఊరికి. అక్కడ తెలుగు బడులు. నా పిల్లలు పెద్దయ్యాక, సాయంత్రాలు ఆడవాళ్ళకు గుడి అరుగు మీద అక్షరాలు నేర్పిస్తారంటే పోయాను. చూపు అప్పటికే మసక. చెప్పే అమ్మాయి నా కూతురి వయసుది. "మీకు ఇష్టమైన మాట చెప్పండక్కా, రాసి చూపిస్తా" అన్నది. నేను ఫెయిలు రాయమన్నాను. "అది వద్దక్కా, మంచి మాట చెప్పండి" అన్నది. మంచీ చెడ్డా నాకెందుకు, నాకు తెలిసిన ఇంగ్లీషు మాట అదొక్కటే అన్నాను. రాసింది. చూస్తే చాలా చిన్నదిగా ఉంది. ఇంతేనా అని అడిగాను. ఇంతే అన్నది.

ఆ చేను ఇప్పుడు సోలారు కంపెనీకి ఇచ్చారు. వల్లూరు వైపు పోయేటప్పుడు బస్సులోంచి కనబడుతుంది. చెనక్కాయ సాళ్ళు ఉన్నచోట నల్ల పలకలు వరసలుగా ఉన్నాయి, కంచె ఉంది, కంచెకు కాపలా ఉంది. బోరు గుంతలో పిల్లలు పడకుండా అప్పట్లోనే మా అమ్మ ఒక బండరాయి కప్పింది. ఆ రాయి కొంచెం జరిపి, మేము గులకరాళ్ళు వేసి చెవి ఆనించి వింటే, చాలాసేపటికి ఒక చప్పుడు వచ్చేది. నీళ్ళ చప్పుడు కాదు. రాయి మీద రాయి.

మొన్న మంగళవారం అన్న ఆసుపత్రిలో రక్తం కడిగే మిషను కాడ పడుకుని ఉంటే పక్కన కూర్చున్నాను. రక్తం పైపుల్లో పోయి వస్తూ ఉంది. వాడు కళ్ళు మూసుకునే అన్నాడు.

"ఆ పలక నీకే తెచ్చింటి."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"అవ్వ మూత పెట్టినప్పటి నుంచి."

వాడు నవ్వలేదు. "రాస్తానన్నావు గదా, రాసినావా?"

రాశాను. ఈసారి పోయినప్పుడు చదివి వినిపిస్తాను. మిగతాది వాడికి అక్కర్లేదు. కడపటిది చదివితే చాలు.

ఆ సోమవారం, మూడున్నరకు, ఇంజను ఆగి ఆ మాట పడినప్పుడు మా చేనికాడ ఉన్నవాళ్ళు వీళ్ళు. గుప్పిట్లో దుమ్ము పట్టుకుని మా నాయన. గిన్నెల కాడ మా అమ్మ. పసుపు తట్టతో మా అవ్వ. మా చిన్నమ్మ. నీళ్ళు చూసే ఆయన. బోరుబండి అరవాయన, ఆయన కింద పనిచేసేవాళ్ళు. ఎద్దులకు సెలవని వచ్చిన ఊరి జనం. నుదుట మన్ను ఎండిన నేను. చిన్నమ్మ కొడుకు లేడు, మా ఇంట్లో బెల్లం తింటున్నాడు.

మా అన్న లేడు. బస్సులో ఉన్నాడు.